చీటీలో తగ్గిన 0.44: గ్లోబల్ వేరియబుల్స్ వరుస తప్పిన ఒక కేసు

పెనుమూరు వైపు ఒక పల్లెలో పాల సెంటరు. పొద్దున ఆరున్నరకంతా క్యాన్లు, చెంబులు పట్టుకుని జనం వరుస కట్టేశారు. ఒక పెద్దామె ఆరు లీటర్ల ఆవుపాలు పోసింది. ఫ్యాట్ 4.0, లాక్టోమీటర్ రీడింగు 28. మేం చేసిచ్చిన బాక్సు నుంచి చీటీ బయటికొచ్చింది: ఎస్.ఎన్.ఎఫ్., అంటే పాలలో వెన్న కాకుండా ఉండే ఘనపదార్థాల శాతం, 8.00. ఆమెకు చదువు రాదు గానీ చీటీలో ఆ అంకె ఎక్కడ పడుతుందో బాగా తెలుసు. దాన్ని నా ముందు పెట్టి అడిగింది: “ఆవు అదే, మేతా అదే. చుక్క నీళ్లు కలపలా. తొమ్మిది దినాల నుంచి నా పాలు ఎట్లా పల్చనైనాయి నాయనా?”

ఆ సెంటరు రేటు చార్టులో ఆవుపాలకు ఎస్.ఎన్.ఎఫ్. 8.3 కన్నా తగ్గితే ప్రతి 0.1కి లీటరు మీద 30 పైసలు కోత. 8.00 అంటే మూడు మెట్లు దిగినట్టు, లీటరుకు 90 పైసలు. ఆరు లీటర్లకు 5 రూపాయల 40 పైసలు, అదీ ఒక్క పూటకి. ఆమె పూటపూటకీ పోస్తుంది.

తొమ్మిది రోజుల కిందట ఆ సెంటరుకీ, మరో పది సెంటర్లకీ మేం కొత్త వెర్షన్ పంపాం. అందులో మారింది ఒకటే, చీటీ మీద తెలుగు అక్షరాల ఫాంటు. లెక్క కట్టే కోడును ఎవరూ ముట్టుకోలేదు. అందుకే ఫోన్లు మొదలైనప్పుడు మొదటి రెండు రోజులు నేను నమ్మలేదు. ఎండలు ముదిరాయి, పాలు మారి ఉంటాయి అనుకున్నాను. ఆ రెండు రోజుల కోత కూడా నా లెక్కలోకే వస్తుంది.

మాది తిరుపతిలో చిన్న ఆఫీసు, ముగ్గురం పనిచేస్తాం. బాక్సులో చిన్న ఏఆర్ఎం బోర్డు, దాని మీద లినక్స్, దాని మీద సి ప్లస్ ప్లస్‌లో రాసిన ప్రోగ్రాం. కాటా నుంచి బరువు, ఫ్యాట్ మెషీన్ నుంచి వెన్న శాతం వైరు మీద వస్తాయి. పాల వేడికి తగ్గట్టు సవరించిన లాక్టోమీటర్ రీడింగును, అంటే సి.ఎల్.ఆర్.ను, సెంటరు వాళ్లు చూసి కీప్యాడ్ మీద కొడతారు. మిగతా లెక్క ప్రోగ్రాందే. మేం వాడే సూత్రం ఇది: సి.ఎల్.ఆర్.ను నాలుగుతో భాగించాలి, దానికి ఫ్యాట్‌లో పావు వంతు కలపాలి, చివర 0.44 కలపాలి. పెద్దామె పాలకు 7 + 1 + 0.44, అంటే 8.44 రావాలి. కోత పడే పాలే కావు.

తేడాను ముందుగా పట్టుకున్నది నేను కాదు, సెంటర్ నడిపే అమ్మాయి. ఆమె దగ్గర లాంగ్ నోట్‌బుక్ ఉంది. పది చీటీల్లోని రీడింగులు దాంట్లో రాసుకుని, చేత్తో లెక్క కట్టి, పక్కన చీటీ అంకె వేసి పెట్టింది. “సార్, పదింటికీ తేడా ఒకటే. 0.44.” పాలు పల్చబడితే తేడా ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా ఉంటుంది. పది మంది పాలకూ అంకె పొల్లు పోకుండా ఒకే తేడా వచ్చిందంటే అది పాలలోది కాదు, లెక్కలోది.

తెర మీద ఉంది, లెక్కలో లేదు

చివర కలిపే ఆ సవరణ అంకెను అందరూ ఒకటే వాడరు. ఒక్కో చోట ఒక్కో అంకె నడుస్తుంది. అందుకే దాన్ని కోడులో బిగించకుండా సెట్టింగ్స్ ఫైల్లో పెట్టాం. అక్కడే బాక్సులో సెట్టింగ్స్ తెర తెరిచి చూశాను. 0.44 అని స్పష్టంగా ఉంది. ఫైలు తెరిచి చూసినా 0.44 ఉంది. బాక్సు ఆపి, మళ్లీ వేసి, ఒక చీటీ తీశాను. తేడా అట్లాగే ఉంది. ప్రోగ్రాంకి ఆ అంకె తెలుసు, తెర మీద చూపిస్తోంది కూడా. చీటీ కట్టేటప్పుడు మాత్రం కలపడం లేదు.

తిరుపతికి తిరిగొచ్చి, టేబుల్ మీదున్న బాక్సులో పాత వెర్షన్ ఎక్కించాం: 8.44. కొత్తది ఎక్కించాం: 8.00. ఇంతవరకూ ఎవరైనా ఊహించేదే. మా తమ్ముడి వరసయ్యే కుర్రాడు ఒకడు మాతో పనిచేస్తాడు. “అన్నా, పాత కోడునే ఇంకోసారి బిల్డు చేసి చూద్దామా?” అన్నాడు. బిల్డు అంటే రాసిన కోడు నుంచి నడిచే ప్రోగ్రాం తయారుచేయడం. చేశాం. ఏళ్ల తరబడి సరిగ్గా పనిచేసిన కోడు, ఒక్క అక్షరం మారని కోడు, ఆ రోజు బిల్డు చేస్తే 8.00 ఇచ్చింది.

ఈ కేసులో మలుపు అదే. తప్పు కొత్త మార్పులో లేదని తేలిపోయింది. అది పాతదే, ఏదో దాన్ని ఇన్నాళ్లూ కాపాడుకుంటూ వచ్చింది. ఆ మధ్య మా దగ్గర మారింది ఇంకొకటి ఉంది. బిల్డు చేసే కంప్యూటర్లో డిస్కు పోతే కొత్తది వేశాం. అదే ఉబుంటు 18.04 లినక్స్, అదే జీసీసీ కంపైలర్ (కోడును మెషీన్ భాషలోకి మార్చేది), అదే వెర్షన్. డిస్కు ఒక్కటే కొత్తది. డిస్కు మారితే పాల లెక్క ఎందుకు మారాలి?

గ్లోబల్స్‌కి విలువలు ఎప్పుడు వస్తాయి

సి ప్లస్ ప్లస్‌లో గ్లోబల్ వేరియబుల్స్‌కి, అంటే ఏ ఒక్క ఫంక్షన్‌కీ చెందకుండా ప్రోగ్రాం మొత్తానికీ ఉండేవాటికి, విలువలు రెండు విడతల్లో వస్తాయి. మొదటి విడతలో ప్రతిదానికీ సున్నా పడుతుంది. విలువ కంపైల్ సమయంలోనే తెలిసిపోయేదైతే అది నేరుగా ప్రోగ్రాం ఫైల్లోనే కూర్చుంటుంది. ఇక్కడ వరుస గొడవ లేదు. రెండో విడతలో, కోడు నడిపితే తప్ప విలువ తెలియని వాటికి కన్‌స్ట్రక్టర్లు, అంటే వాటిని పుట్టించే కోడు ముక్కలు, నడుస్తాయి: ఫైలు చదివేవి, మెమరీ అడిగేవి, ఇంకో వేరియబుల్ విలువను కాపీ చేసుకునేవి. మామూలుగా ఇదంతా మెయిన్ ఫంక్షన్ మొదలవకముందే జరిగిపోతుంది.

ఒకే సోర్స్ ఫైల్లో ఉన్న మామూలు గ్లోబల్స్‌కి వరుస ఖాయం, పై నుంచి కిందికి. రెండు వేర్వేరు ఫైళ్లలో ఉన్నవాటిలో ఏది ముందో భాషా ప్రమాణం చెప్పదు. అది చెప్పని చోట మనం ఏదో ఒక వరుసను నమ్ముకుని కోడు రాస్తే, తోడు వేయని పాలలో కవ్వం వేసినట్టే.

మా ప్రోగ్రాంలో సెట్టింగ్స్ అనే ఫైల్లో ఒక గ్లోబల్ ఉంది. దాని కన్‌స్ట్రక్టర్ డిస్కు మీది సెట్టింగ్స్ చదువుతుంది. రేట్ అనే ఇంకో ఫైల్లో ఎస్.ఎన్.ఎఫ్. లెక్క కట్టే గ్లోబల్ ఉంది. అది పుట్టేటప్పుడే సెట్టింగ్స్ నుంచి సవరణ అంకెను అడిగి తనలో దాచుకుంటుంది. రాసింది నేనే. ప్రతి చీటీకీ సెట్టింగ్స్ దాకా వెళ్లడం ఎందుకు, ఒకసారి తెచ్చి పెట్టుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను. రేట్ ఫైలు వంతు ముందొస్తే, సెట్టింగ్స్ ఇంకా మొదటి విడతలోనే ఉంటుంది, అన్నీ సున్నాలు. రేట్ ఆ సున్నాను అంకెగా తీసుకుని దాచుకుంటుంది. తర్వాత సెట్టింగ్స్ వంతు వస్తుంది, ఫైలు చదువుతుంది, 0.44 తెచ్చుకుంటుంది. తెర ఆ 0.44ను చూపిస్తుంది. లెక్క మాత్రం పాత సున్నాతోనే సాగుతుంది. ప్రోగ్రాం పడిపోదు, ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. పడిపోయి ఉంటే మొదటి రోజే తెలిసేది, ఎవరికీ పైసా పోయేది కాదు.

ఊహ సరే, కళ్లతో చూడాలి. బైనరీలో, అంటే బిల్డు నుంచి వచ్చే ప్రోగ్రాం ఫైల్లో, ఇనిట్ అరే అనే సెక్షన్ ఉంటుంది. అది ఫంక్షన్ల చిరునామాల పట్టీ, అంతే. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు సి లైబ్రరీ ఆ పట్టీని మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఒక్కొక్కటే పిలుస్తుంది. బైనరీ లోపలి బైట్లు చూపించే ఆబ్జ్‌డంప్‌తో ఆ సెక్షన్ తీస్తే మా బైనరీలో 15 గడులు కనిపించాయి, ఒక్కోటి 4 బైట్లు. బైట్లు వెనక నుంచి ముందుకు చదువుకోవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. మా బోర్డు కోడు థంబ్ రకం (ఏఆర్ఎంలో కుదించిన ఆదేశాలు) కాబట్టి చిరునామా చివరి బిట్ ఎప్పుడూ 1గా ఉంటుంది. ఎన్ఎం అనే టూల్ ఇచ్చే ఫంక్షన్ల పేర్లు, చిరునామాల జాబితాలో ఆ ఒకటి తీసేసి వెతకాలి. ఇది గుర్తు రాక ఒక అరగంట ఏదీ సరిపోలడం లేదని కూర్చున్నాం.

మొదటి గడి కంపైలర్ సొంత పని, ఫ్రేమ్ డమ్మీ. మిగతా 14 మా సోర్స్ ఫైళ్లవి. కంపైలర్ ఒక్కో సోర్స్ ఫైల్లోని గ్లోబల్స్ పనినంతా మూటగట్టి, గ్లోబల్ సబ్ ఐ అని మొదలయ్యే పేరుతో ఒక ఫంక్షన్ చేస్తుంది. క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ అయితే ఆ పేరు చివర ఫైలు పేరే పెడుతుంది. జీసీసీ ఆ ఫైల్లో మొదట కనిపించిన గ్లోబల్ గుర్తు పేరు పెడుతుంది. కాబట్టి జీసీసీ బైనరీలో ఏ గడి ఏ ఫైలుదో తెలియాలంటే ఒక మెట్టు వెనక్కి వెళ్లి చూసుకోవాలి. చూసుకున్నాం. కొత్త బైనరీలో రేట్ ఫైలు నాలుగో గడిలో ఉంది, సెట్టింగ్స్ పదకొండో గడిలో. పాత బైనరీలో సెట్టింగ్స్ ముందు, రేట్ వెనక.

తర్వాత నడిచే ప్రోగ్రాంను మధ్యలో ఆపి చూపించే జీడీబీతో బాక్సుకి తగులుకుని రేట్ ఫైలు ఫంక్షన్ మొదట్లో ఆపాం. సెట్టింగ్స్‌లోని సవరణ అంకెను అడిగితే 0. మెయిన్ మొదట్లో ఆపి అదే అడిగితే 0.44. రేట్ దాచుకున్న కాపీని అడిగితే 0. ఆ మూడు లైన్లు తెర మీద ఒకదాని కింద ఒకటి చూశాకే గుండెల్లో టెన్షన్ తగ్గింది.

డిస్కుకీ లెక్కకీ ఉన్న చుట్టరికం

ఇనిట్ అరేలో గడుల వరుస ఎవరు పెడతారు? లింకర్, అంటే విడివిడిగా కంపైల్ అయిన ఫైళ్లను (ఆబ్జెక్ట్ ఫైళ్లను) ఒక్క ప్రోగ్రాంగా కలిపేది. ఎట్లా? ప్రత్యేకంగా ప్రాధాన్యం చెప్పకపోతే, ఆబ్జెక్ట్ ఫైళ్లు కమాండ్ లైన్లో ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో. ఆ కమాండ్ రాసేది మేక్, అంటే బిల్డును నడిపే ప్రోగ్రాం. మా మేక్‌ఫైల్లో ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటి రాయలేదు, వైల్డ్‌కార్డ్ పెట్టి ఫోల్డర్లో ఉన్న సోర్స్ ఫైళ్లన్నీ తీసుకోమన్నాం.

జీఎన్‌యూ మేక్ 3.81 వరకూ వైల్డ్‌కార్డ్ ఫలితం అక్షర క్రమంలో వచ్చేది. 2010లో వచ్చిన 3.82 నుంచి ఆ సర్దుడు మానేసింది. 2020లో వచ్చిన 4.3తో మళ్లీ సర్దడం మొదలుపెట్టింది. ఉబుంటు 18.04లో ఉండేది 4.1. అంటే ఫైల్‌సిస్టమ్ ఏ వరుసలో పేర్లు చెబితే ఆ వరుసే. లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ ఫోల్డర్లోని పేర్లను మామూలుగా వాటి హాష్ విలువల (పేరు నుంచి లెక్కగట్టే అంకెల) వరుసలో చెబుతుంది. ఆ హాష్‌లో కలిపే విత్తు ఒక్కో ఫైల్‌సిస్టమ్‌కి ఒక్కోటి, ఫార్మాట్ చేసినప్పుడు పడుతుంది. కొత్త డిస్కు, కొత్త ఫార్మాట్, కొత్త విత్తు, కొత్త వరుస. సర్దకుండా ఫైళ్లు చూపించమని ఎల్ఎస్‌కి చెప్పి, వచ్చిన వరుసను లింకర్ మ్యాప్ ఫైలు (ఏది ఎక్కడ పెట్టిందో లింకర్ రాసే జాబితా) పక్కన పెట్టి చూశాం. అచ్చుగుద్దినట్టు ఒకటే. ప్రతి రిలీజ్‌తోపాటు మ్యాప్ ఫైలు దాచే అలవాటు మాకుంది. పాత డిస్కు పోయినా పాత వరుస మా చేతిలో ఉండటానికి అదే కారణం. దాచని వాళ్లు ఈ రోజే మొదలుపెట్టండి, అది కొన్ని కిలోబైట్ల పని.

మేక్‌ఫైల్లో సార్ట్ అని ఒక మాట రాస్తే సరిపోతుంది కదా అని మాలోనే ఒకరు అన్నారు. సరిపోదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆర్ ముందు, ఎస్ తర్వాత. సర్దితే రేట్ ఎప్పుడూ సెట్టింగ్స్ కంటే ముందే వస్తుంది, తప్పు శాశ్వతమవుతుంది. ఫైలు పేరు మార్చి సర్దుకోవచ్చు అన్నది తర్వాతి సలహా. పాల రేటు ఫైలు పేరులోని మొదటి అక్షరం మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు. సార్ట్ పెట్టాం, నిజమే. అది బిల్డు ఎక్కడ చేసినా ఒకేలా రావడానికి, ఈ తప్పుకి మందుగా కాదు.

ఇట్లాంటివి ఇంకెన్ని ఉన్నాయి?

నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇది. ఒక జత దొరికింది. గ్లోబల్స్ పని ఉన్న ఫైళ్లు 14. అంటే జతలు 91. మిగతా 90లో ఏముందో?

మొదట అడ్రెస్ శానిటైజర్ వాడాం. ఇది మెమరీలో ప్రతి 8 బైట్లకూ ఒక నీడ బైటు పెట్టి, ఆ 8 బైట్లు ముట్టుకోవచ్చో లేదో అందులో రాస్తుంది. వరుస తనిఖీ ఆన్ చేస్తే ఒక ఫైలు గ్లోబల్స్ పని మొదలయ్యే ముందు, కన్‌స్ట్రక్టర్ ఇంకా నడవని ఇతర ఫైళ్ల గ్లోబల్స్ అన్నింటి నీడ మీదా ఎఫ్6 అనే గుర్తు వేస్తుంది. ఆ ఫైలు పని అయ్యాక తుడిచేస్తుంది. మధ్యలో ఎవరైనా వాటిని ముట్టుకుంటే అక్కడికక్కడే ప్రోగ్రాంను ఆపి, ఇనిషియలైజేషన్ ఆర్డర్ ఫియాస్కో అనే పేరుతో రిపోర్టు ఇస్తుంది. ఏ లైను చదివింది, చదవబడిన గ్లోబల్ పేరేమిటి, ఏ ఫైల్లోది, అన్నీ అందులో ఉంటాయి. రేట్ లైను మొదటి పరుగులోనే బయటపడింది. పెద్దామె చీటీ నుంచి నాలుగు రోజులు తిరిగి చేరుకున్న లైను అది. ఈ పరుగుకి నలభై సెకన్లు కూడా పట్టలేదు.

మామూలు తనిఖీ ప్రస్తుత వరుసలో నిజంగా తప్పిన వాటినే పడుతుంది. స్ట్రిక్ట్ ఇనిట్ ఆర్డర్ అనే ఆప్షన్ కూడా పెడితే, కన్‌స్ట్రక్టర్ ఇప్పటికే నడిచిపోయిన ఇతర ఫైళ్ల గ్లోబల్స్‌ని ముట్టుకున్నా ఊరుకోదు. ఈ రోజు అదృష్టం కొద్దీ సరిగ్గా ఉన్నవి కూడా దొరుకుతాయి. నా సలహా ఎప్పుడూ స్ట్రిక్ట్‌తోనే మొదలుపెట్టమని.

అయితే దీనికి రెండు పరిమితులు మాకు తగిలాయి. బాక్సులో ర్యామ్ తక్కువ, శానిటైజర్ బరువు మోయలేదు. కాబట్టి ల్యాప్‌టాప్ మీద, కాటా, ఫ్యాట్ మెషీన్లకు బదులు రికార్డు చేసిన రీడింగులతో నడిపాం. రెండోది పెద్దది. మనం కంపైల్ చేసిన కోడునే అది చూడగలదు. చీటీ ప్రింటర్ లైబ్రరీ మాకు కంపైల్ అయిన రూపంలోనే వస్తుంది. దాని లోపల ఏం జరిగినా శానిటైజర్‌కి కనిపించదు.

అక్కడ పనికొచ్చింది వరుసను తిరగేయడం. ఈ కేసులో నేను నేర్చుకున్న వాటిలో అందరికీ చెప్పాలనిపించేది ఇదే. ఏ రెండు ఫైళ్లు తీసుకున్నా మామూలు బిల్డులో వాటిలో ఒకటి ముందుంటుంది. ఇనిట్ అరేను తలకిందులు చేసి ఇంకో బిల్డు చేస్తే రెండోది ముందుంటుంది. కాబట్టి రెండే రెండు బిల్డులతో 91 జతలూ రెండు వరుసల్లోనూ నడిచినట్టే. వరుసను గిలకొట్టి పదిసార్లు బిల్డు చేసినా ఫలానా జత తిరగబడిందన్న భరోసా లేదు. తలకిందులు చేస్తే ఒక్కసారికే ఉంది. పైగా ఇది న్యాయమైన పరీక్ష. ఒక ఫైలు లోపలి వరుస చెదరదు, ఫైళ్ల మధ్య వరుస ఒక్కటే మారుతుంది. దాని మీద భాష ఏ హామీ ఇవ్వలేదు కాబట్టి, సరైన ప్రోగ్రాం రెండు వరుసల్లోనూ ఒకటే జవాబు చెప్పాలి.

చేయడం కష్టం కాదు. లింకు కమాండ్లో ఆబ్జెక్ట్ ఫైళ్లను వెనక నుంచి ముందుకు రాసినా సగం పని అయిపోతుంది, మేం మొదటి రోజు అట్లాగే చేశాం. స్టాటిక్ లైబ్రరీల (ఆబ్జెక్ట్ ఫైళ్ల మూటల) లోపలి వరుస మాత్రం దాంతో తిరగదు. మోల్డ్ లింకర్లో రివర్స్ సెక్షన్స్ అనే ఆప్షన్ సరిగ్గా ఈ తప్పులు పట్టడానికే ఉంది. ఎల్ఎల్‌డీ అనే ఇంకో లింకర్లో షఫుల్ సెక్షన్స్ ఆప్షన్‌కి ఇనిట్ అరే పేరు చెప్పి విత్తు మైనస్ ఒకటి ఇస్తే ఆ ఒక్క సెక్షన్ తిరగబడుతుంది. మా జీసీసీ 7కి ఆ లింకర్ల పేర్లు తెలియవు. ఒక ఫోల్డర్లో ఎల్‌డీ అనే పేరుతో మోల్డ్‌కి లింకు పెట్టి, పెద్ద బి ఆప్షన్‌తో ఆ ఫోల్డర్ చూపిస్తే పని జరిగిపోయింది.

200 పాత రీడింగులు తీసుకుని రెండు బిల్డులతోనూ చీటీలు కట్టించి, ఒకదానితో ఒకటి పోల్చాలనుకున్నాం. తిరగేసిన బిల్డు మొదటి చీటీ కూడా ఇవ్వలేదు. “ప్రింటర్ లేదు” అంది.

దీన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఈ రకం కోడు చాలా చోట్ల ఉంటుంది. మేం మూడు రకాల ప్రింటర్లకు మూడు ఫైళ్లు రాశాం. ఒక్కో ఫైల్లో ఒక గ్లోబల్ పుట్టి, “నేనున్నాను” అని ఉమ్మడి వెక్టర్‌లో (పేర్లు చేర్చుకుంటూ పోయే జాబితాలో) తన పేరు చేర్చుకుంటుంది. ఆ వెక్టర్ ఇంకో ఫైల్లోని గ్లోబల్. తిరగేసిన వరుసలో ప్రింటర్లు ముందు, వెక్టర్ తర్వాత. అప్పటికి వెక్టర్ స్థలం నిండా సున్నాలు. మా లైబ్రరీలో ఆ సున్నాలు చూడటానికి అచ్చం సరైన ఖాళీ వెక్టర్‌లాగే ఉంటాయి! అందుకే మూడు పేర్లనూ గొడవ లేకుండా తీసుకుంది. తర్వాత వెక్టర్ కన్‌స్ట్రక్టర్ వంతు వచ్చింది. అది తన ధర్మం ప్రకారం అన్నీ సున్నా చేసి ఖాళీగా మొదలైంది. మూడు పేర్లూ పోయాయి. మా పాత వరుసలోనూ, కొత్త డిస్కు వరుసలోనూ వెక్టర్ ముందే వచ్చింది కాబట్టి ఇది ఎప్పుడూ కనపడలేదు. ఇంకో డిస్కు మారి ఉంటే పదకొండు సెంటర్లలోనూ పొద్దున్నే చీటీలు ఆగిపోయినా ఆగిపోయేవి.

అది సరిచేసి మళ్లీ నడిపితే చీటీలన్నీ వచ్చాయి గానీ, ప్రోగ్రాం ముగిసేటప్పుడు కూలింది. గ్లోబల్స్ పుట్టిన వరుసకు ఎదురు వరుసలో పోతాయి. లాగ్ రాసే గ్లోబల్ ముందే పోయింది, తర్వాత పోయే ఇంకొకటి దానికి చివరి మాట రాయబోయింది. సెంటర్లలో బాక్సును స్విచ్ కట్టి ఆపేస్తారు కాబట్టి ఈ దారిలోకి ప్రోగ్రాం ఎప్పుడూ వెళ్లలేదు.

తిరగేయడానికీ ఒక లోటు ఉంది. చెడు విలువ ఫలితంలో కనిపిస్తేనే తెలుస్తుంది. ఎవరూ చూడని చోట సున్నా పడితే రెండు చీటీలూ ఒకేలా వస్తాయి. శానిటైజర్ అట్లా కాదు, ముట్టుకున్న క్షణంలోనే పట్టుకుంటుంది, కానీ బయటి లైబ్రరీల్లోకి చూడలేదు. రెండూ కావాలి.

ఏం మార్చాం

సెట్టింగ్స్‌ని గ్లోబల్‌గా తీసేసి, ఒక ఫంక్షన్ లోపల స్టాటిక్‌గా పెట్టాం. ఎవరు మొదట అడిగితే అప్పుడు పుడుతుంది. సి ప్లస్ ప్లస్ 11 నుంచి రెండు థ్రెడ్లు ఒకేసారి అడిగినా ఒక్కసారే పుట్టేలా భాషే చూసుకుంటుంది. రేట్ లెక్క గ్లోబల్‌గా ఉండాల్సిన అవసరమే లేదు, దాన్ని మెయిన్‌లో పుట్టించి అవసరమైన వాళ్లకు అందిస్తున్నాం. ప్రింటర్లు తమంతట తాము పేరు చేర్చుకోవడం మానిపించి, మూడు పేర్లూ ఒకే చోట, కంపైల్ సమయంలోనే తేలిపోయే కాన్స్ట్ ఎక్స్‌పర్ పట్టీగా రాశాం. నాలుగో ప్రింటర్ వస్తే చేత్తో ఒక లైను రాయాలి, రాసుకుంటాం.

జీసీసీలో ఇనిట్ ప్రయారిటీ అని ఒకటుంది. 101 నుంచి 65535 దాకా అంకె ఇస్తే చిన్న అంకె ముందు పుడుతుంది. దాన్ని వద్దన్నాను. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో ఆ అంకె చెప్పదు. రెండేళ్ల తర్వాత వచ్చినవాడు ఇంకో అంకె దూరుస్తాడు.

14 గడుల్లో ఆరు కేవలం ఐఓస్ట్రీమ్ అనే హెడర్‌ను ఇంక్లూడ్ చేసినందుకే వచ్చాయని ఈ పనిలో తెలిసింది. మా వెర్షన్లో ఆ హెడర్ తెచ్చుకున్న ప్రతి ఫైల్లోనూ ఒక చిన్న గ్లోబల్ పుడుతుంది. అది లెక్క పెట్టుకుంటూ, మొదట వచ్చినవాడి చేతే తెర మీద రాసే సీఅవుట్‌ను సిద్ధం చేయిస్తుంది. మెయిన్ కంటే ముందే సీఅవుట్ పనిచేయడం వెనక ఉన్నది ఇదే. జెర్రీ ష్వార్జ్ పేరు మీద ష్వార్జ్ కౌంటర్ అంటారు. లైబ్రరీ రాసినవాళ్లకు కూడా మా సమస్యే ఎదురైందన్నమాట. అవసరం లేని చోట ఆ హెడర్ తీసేశాం. ఇప్పుడు 15 గడుల్లో 3 మిగిలాయి, అందులో ఒకటి ఫ్రేమ్ డమ్మీ. బిల్డు చివర ఒక స్క్రిప్టు గ్లోబల్ సబ్ ఐ ఫంక్షన్లను లెక్కపెడుతుంది, రెండు దాటితే బిల్డు ఆపేస్తుంది. క్లాంగ్‌లో గ్లోబల్ కన్‌స్ట్రక్టర్స్ హెచ్చరిక ఆన్ చేసి ల్యాప్‌టాప్ బిల్డు కూడా నడుపుతున్నాం. సి ప్లస్ ప్లస్ 20లో కాన్స్ట్‌ఇనిట్ ఉంది, గ్లోబల్ మీద రాస్తే విలువ కంపైల్ సమయంలో తేలకపోతే ఎర్రరే. బోర్డుకి కొత్త కంపైలర్ వచ్చాక అది వాడతాం.

తొమ్మిది రోజుల చీటీలు

ఫ్యాట్, సి.ఎల్.ఆర్., లీటర్లు, ఈ మూడూ కొలిచినవి కొలిచినట్టు బాక్సులోనే ఉన్నాయి. లెక్క తప్పింది గానీ కొలత తప్పలేదు. సెంటర్లకు పదిహేను రోజులకోసారి బిల్లు వెళ్తుంది. అది వెళ్లకముందే పదకొండు సెంటర్ల చీటీలూ మళ్లీ కట్టి, పాత అంకె, కొత్త అంకె పక్కపక్కన వేసి ఇచ్చాం. పెనుమూరు వైపు సెంటరుకు నేనే వెళ్లాను. పెద్దామెకు తొమ్మిది రోజులకూ కలిపి 93 రూపాయల 60 పైసలు రావాలి. సెంటర్ అమ్మాయి ఆమెకు ఒక్కో చీటీ చదివి వినిపించింది. ఆమె ఆఖరుదాకా విని, “అయితే నా పాలు బాగానే ఉండాయి” అంది. డబ్బు సంగతి తర్వాత అడిగింది.

ఆ అమ్మాయి ఇప్పుడు రోజూ మొదటి చీటీని నోట్‌బుక్‌లో చేత్తో లెక్క కట్టి, రెండూ కనపడేలా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతోంది. మేం అడగలేదు. ఈ పొద్దున వచ్చినది ఫ్యాట్ 3.8, సి.ఎల్.ఆర్. 29. నోట్‌బుక్‌లో 8.64, చీటీలో 8.64.